అటునుంచి రెండు, ఇటునుంచి ఐదు

కుట్టు గది,
జూన్ 2

పానా,

తొమ్మిదేళ్ళ తర్వాత ఆడపడుచుకు వదిన ఉత్తరమేమిటని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం, మీ అన్నయ్య కుడి భుజం తప్ప. బండి తొట్టిలో తలుపు చెక్కల మీద ఎక్కి తాడు లాగుతుంటే తాడు తెగింది. ఆయన రోడ్డు మీద పడ్డారు. పడ్డాక మొదట అడిగింది "ఎవరైనా చూశారా?" అని. చూశారు. సందు సందంతా చూసింది. రెండు నెలలు చెయ్యి మెడకు కట్టుకుని తిరగాలి.

ఎముక అతుక్కుంటుంది. నేను రాస్తున్నది బండి గురించి.

రవాణా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండ్లన్నిటికీ పరీక్ష పెడుతున్నారు. అరటన్ను బరువు వేసుకుని కొండ రోడ్డు ఏడు కిలోమీటర్లు ఆగకుండా ఇరవై నిమిషాల్లో ఎక్కాలి. ఇంజను బ్లాకు మీద నంబరు పాతదే ఉండాలి, మిగతావి ఏం మార్చుకున్నా అడగరు. మనకిచ్చిన తేదీ జూలై 20. ఎక్కకపోతే నంబరు రద్దు. తర్వాత బండిని పాత ఇనుము యార్డుకు తోలుకెళ్ళి పలకలా నొక్కేస్తారు.

వడ్రంగి షాపుల్లో తయారయ్యే తలుపులూ కిటికీలూ ఇళ్ళకు చేర్చడానికి అంత పొడుగు తొట్టి ఉన్న బండి ఈ చుట్టుపక్కల ఇదొక్కటే. అది పోతే ఆయనకు పని పోయినట్టే. పని లేకపోతే ఆయన ఎలా ఉంటారో పదకొండు రోజులుగా చూస్తున్నాను. నా కుట్టు మిషనుకు ఆయిలు ఎలా వెయ్యాలో నాకే నేర్పుతున్నారు.

మన బండి తొమ్మిదేళ్ళుగా కొండ ముఖం చూడలేదు. ఎందుకో నీకు తెలుసు. ఆ రోజు నాలుగో మలుపులో ఇంజను బిగుసుకుపోయి పట్టేసినప్పుడు నేను బండి తలుపు పట్టుకుని నిలబడి మీ ఇద్దరి మాటలూ విన్నాను. "నీ కొలత తప్పు" అని ఆయన, "నీ బిగింపు తప్పు" అని నువ్వు. ఆ రెండు మాటలతోనే ఇన్నేళ్ళు గడిపేశారు ఇద్దరూ.

ఇంజను నేను విప్పుతాను. ఎలాగో నువ్వు చెప్పు. ఆయనకు ఇప్పుడే తెలియకూడదు. రోజూ రెండింటికి వడ్రంగి దగ్గరకు వెళ్ళి ఐదింటి దాకా అక్కడందరికీ సలహాలిచ్చి వస్తారు. ఆ మూడు గంటలు షెడ్డు నాది. ఇంట్లో ఫోను ఆయన చెవి పక్కనే ఉంటుంది కాబట్టి ఈ కాగితం. అడ్రసు నువ్వు ఏటా నా ఒక్కదాని పేరున పంపే కార్డు మీదది.

పిన్నులూ సూదులూ తప్ప దీనికేం తెలుసు అనుకోకు. కుట్టు మిషను మొత్తం విప్పి కళ్ళు మూసుకుని బిగించగలను. ఇదీ మిషనే కదా, కాస్త బలిసింది.

నీ వదిన

*

పంపుహౌసు,
జూన్ 7

వదినా,

ఉత్తరం అందింది. ఇక్కడికి టపా వారానికి రెండుసార్లు లాంచీలో వస్తుంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో నాలుగు పంపులు, వాటిని తిప్పే నాలుగు ఇంజన్లు, ఒక వంటగది, నేను, ఇంకో ఇద్దరు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

మీ ఆయన సంగతి నన్నడగకు, నేనూ అడగను. బండి సంగతి చెబుతాను.

ముందు ఏ సిలిండరు నీరసంగా ఉందో తేల్చాలి. సిలిండరులో ఒత్తిడి కొలిచే నా గేజి పంపుతున్నాను. ఇంజనును పది నిమిషాలు తిప్పి వేడి చెయ్యి. ఆపి, ఆరు ప్లగ్గులూ తీసెయ్యి. ఒక రంధ్రంలో గేజి మర బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, సెల్ఫు కొట్టు. ముల్లు ఆరుసార్లు ఎగిరాక ఎక్కడ ఆగిందో రాసుకో. అలా ఆరూ వరసగా. ఏదైనా మరీ తక్కువ చూపిస్తే, అందులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ చూడు. పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల తప్పు, లేదా సిలిండరు గోడ తప్పు. పెరగకపోతే వాల్వు తప్పు.

ప్లగ్గు వైర్లు పీకేముందు ఒకటి గుర్తుపెట్టుకో. ఈ ఇంజనులో నిప్పు పడే వరస 1-5-3-6-2-4. షెడ్డు గోడ మీద పెద్ద అంకెలతో రాసుకో.

ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబడిన ఇంజను ఎందుకు ఇష్టమని నన్ను అందరూ అడుగుతారు. మూడు ఒకవైపు తోస్తుంటే మూడు ఇంకోవైపు తోస్తాయి, ఊపు ఊపుతోనే చెల్లుతుంది. ఒళ్ళు బాగున్న ఇంజను తిరుగుతుంటే దాని మూత మీద నీ కుట్టు సుద్ద బిళ్ళను అంచు మీద నిలబెట్టు, పడదు. ఇంతకంటే పొగడను. అంకెలు రాయి.

పానా

*

కుట్టు గది,
జూన్ 13

పానా,

నీ గేజి నా టేపు కంటే ముద్దొస్తోంది!

చేశాను. మొత్తం నేనే చేశాను. మొదటి ప్లగ్గు రాలేదు. పానాకు (నీకు కాదు, ఇనప పానాకు) పైపు తొడిగి, కాలు బంపరుకు తన్ని లాగాను. "టక్" మని వదిలింది. అది వదిలినప్పుడు కలిగిన సంతోషం నాకు చొక్కాకు కాలరు సరిగ్గా కూర్చున్నప్పుడు కూడా కలగలేదు.

ఇవిగో:
ఒకటి 141
రెండు 122
మూడు 139
నాలుగు 140
ఐదు 95
ఆరు 142

ఐదోదానిలో చెంచా ఆయిలు పోశాను. 128కి ఎగిరింది! అంటే రింగులో, గోడో. నువ్వు రాసిన వాక్యం ఇంజను నోట్లోంచి వచ్చినట్టయింది. షెడ్డులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఇంకో సంగతి. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే రెండోదాని దగ్గర టక్ టక్ టక్ అని కొడుతుంది. వేడెక్కితే తగ్గిపోతుంది. ఆయన దాన్ని "ముసలిదాని దగ్గు" అంటారు.

నిన్న కొంప మునిగేదే. ఆయన నాలుగింటికే వచ్చేశారు. వడ్రంగి ఇక సలహాలు చాలన్నాడట. గేజి మీద లంగా గుడ్డ కప్పి దాని మీద కూర్చున్నాను.

"ఏమిటే పెట్రోలు కంపు?"

"గుడ్డ మీద మరక పడితే తుడిచాను."

"ఎంత పెద్ద మరక?"

"బండంత."

నవ్వి వెళ్ళిపోయారు. నిజం చెప్పినా నమ్మకపోవడం ఈ ఇంట్లో వాడుకే.

ఐదోది చూసి నువ్వేమంటావో చెప్పు.

వదిన

*

పంపుహౌసు,
జూన్ 17

వదినా,

పని బాగా చేశావు. పైపు తొడగడం ఎవరూ నేర్పకుండా తెలియడం మంచి లక్షణం.

ఐదోది అని రాశావు. మీ ఆయన కూడా ఆ రోజు ఐదోదే పట్టేసిందన్నాడు. అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నాకు మింగుడుపడటం లేదు. ఆ బ్లాకు ఆరు గోడలూ నా చేత్తో తొలిచి బోరింగు చేశాను. ఐదోది ఆరింటిలోకీ నికార్సయిన గోడ. రెండోది పట్టిందంటే ఆలోచిస్తాను. ఐదోది పట్టాలంటే ఎవరో నీళ్ళు పొయ్యడం మర్చిపోయి ఉండాలి. ఆ మాటే ఆ రోజు అన్నాను.

రెండోది ఎందుకు అని అడుగుతావు. అది ఇప్పుడు అనవసరం.

హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, లేపు. బోల్టులు ఒకేసారి తియ్యకు. చివరల నుంచి మధ్యకు, ఒక్కోటి పావు చుట్టు చొప్పున వదులు చెయ్యి. మధ్య నుంచి మొదలుపెడితే హెడ్డు వంకర పోతుంది. అట్ట ముక్కకు రంధ్రాలు పొడిచి ఏ బోల్టు ఎక్కడిదో అందులో గుచ్చు. హెడ్డు నీకంటే బరువు. చైను పుల్లీ వాడు, నడుము వాడకు. లేపాక ఆరు గోడలూ కిరోసిను గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, ఏం కనిపించినా రాయి.

రెండు కార్బురేటర్లు బిగించడానికి నేను చేసిన మానిఫోల్డు గొట్టం ఇంకా ఉందా? పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటరు ఒక్కటే మధ్యలో కూర్చుని ఆరుగురికి వడ్డిస్తే, మధ్యవాళ్ళకు కడుపు నిండుతుంది, చివరివాళ్ళ దగ్గరకొచ్చేసరికి గిన్నె అడుగంటుతుంది. కొండెక్కాలంటే రెండూ కావాలి. మీ ఆయన దాన్ని పారేసి ఉంటే చెప్పు, తిట్టుకుని ఇంకోటి చేస్తాను.

పానా

*

కుట్టు గది,
జూన్ 24

పానా,

హెడ్డు లేచింది! చైను కిర్రుకిర్రుమంటూ అది గాల్లోకి లేస్తుంటే బావిలోంచి ఏనుగును తోడుతున్నట్టనిపించింది. మధ్యలో పరిచిన గాస్కెట్టు చిరగకుండా ఊడొచ్చింది. హెడ్డు మీద గోనె కప్పి బానెట్టు దించేశాను, చెయ్యి కట్టాక ఆయన బానెట్టు ఎత్తడం మానేశారు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు.

రేడియేటరు వైపు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు తుడిచాను. నున్నగా ఉన్నాయి. ఐదోదాని పైఅంచు దగ్గర మసి తుడిస్తే సన్నటి గీత కనిపించింది. గుండ్రంగా, గోడ చుట్టూ. గోరు తగిలితే తెలుస్తుంది, కంటికి వెంట్రుకంత. పానా, ఇరవై ఏళ్ళుగా గుడ్డకు అతుకులు వేస్తున్నాను. అతుకు ఎంత గొప్పగా వేసినా నా కన్ను పడుతుంది. అది అతుకు. ఆ గోడలో ఇంకో గోడ దిగేసి ఉంది. దాని లోపల కుడిపక్కన పొడుగ్గా ఒక గాటు కూడా ఉంది.

రెండోదానిలో ఏ అతుకూ లేదు. మూడుసార్లు చూశాను. మరి నువ్వు రెండోది, రెండోది అని ఎందుకన్నావు? ఐదోదానికి అతుకు వేసిందెవరు? ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తెలిస్తే చెప్పకుండా ఉండే నోరు కాదు అది.

ఇంకోటి. ఆ రోజు పట్టేసిన పిస్టన్ ఏమైందో నీకు తెలియదు కదూ. ఆయన దాన్ని తీసి, దాని చోట లేతు షాపువాడు చెక్కిచ్చిన పాత పిస్టన్ ఒకటి వేసి బిగించారు. నీ పిస్టన్ పారేస్తుంటే నేను పట్టుకొచ్చుకున్నాను. తిరగేస్తే మంచి గ్లాసులా ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా నా కత్తెరలన్నీ అందులోనే ఉంటున్నాయి. ఈ రోజు కత్తెరలు బోర్లించి అడుగు చూశాను. "5" అని అచ్చు కొట్టి ఉంది, నీ చేతిదే.

నీ మానిఫోల్డు షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించి ఉంది. పారెయ్యలేదు. దాని మీద నూనె గుడ్డలు ఆరేస్తారు. కానీ దుమ్ము లేదు. ఎవరు తుడుస్తారో నేను చూడలేదు.

అతుకు సంగతి చెప్పు.

వదిన

*

పంపుహౌసు,
జూన్ 28

వదినా!

రేడియేటరు వైపు నుంచా?

లాంచీ ఎల్లుండి గానీ రాదు. చేపల పడవవాడిని ఆపి ఈ కాగితం ఇస్తున్నాను. అక్షరాలు వంకర పోతే పడవ తొందర వల్ల అనుకో.

నేను పని నేర్చుకున్నది పడవల యార్డులో. ఆ యార్డులో సిలిండర్లను ఫ్లైవీలు వైపు నుంచి లెక్కపెడతాం. అంటే బండిలో అయితే డ్రైవరు సీటు వైపు నుంచి. అన్నయ్య లెక్కపెట్టింది బండ్లవాళ్ళ లెక్కన, రేడియేటరు నుంచి. నా రెండు ఆయనకు ఐదు. ఆయన రెండు నాకు ఐదు. తొమ్మిదేళ్ళుగా ఇద్దరం ఒకే రంధ్రానికి రెండు పేర్లు పెట్టి కొట్టుకుంటున్నాం!

అంత పెద్ద తేడా అప్పుడే ఎందుకు బయటపడలేదంటావు. మధ్యాహ్నం నుంచి నేనూ ఇదే అడుగుతున్నాను. కాగితం తీసుకో. 1-5-3-6-2-4 అని రాయి. ఇప్పుడు చివరి నుంచి లెక్కపెట్టేవాడి నంబర్లు వెయ్యి: ఒకటి ఆరవుతుంది, ఐదు రెండవుతుంది, మూడు నాలుగవుతుంది. 6-2-4-1-5-3 వస్తుంది. గుండ్రంగా తిప్పి ఒకటి నుంచి చదువు. 1-5-3-6-2-4! ఏ వైపు నుంచి లెక్కపెట్టినా నిప్పు పడే వరస ఒక్కటే. అన్నయ్య తన లెక్కన వైర్లు తగిలించాడు, ఇంజను చక్కగా పలికింది. ఇంజనే మాకిద్దరికీ అబద్ధం చెప్పింది.

ఇప్పుడు అతుకు. వేసింది నేను.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఐదు గోడలు అందంగా బోరింగు చేశాను. ఒకదాంట్లో, నా లెక్కన రెండోదాంట్లో, పనిముట్టు ఎగిరి గోడను లోతుగా కోసేసింది. యార్డులో ఎవరికీ చెప్పలేదు. దాంట్లో స్లీవు, అంటే పల్చటి ఇనప గొట్టం, దిగగొట్టి లోపల నున్నగా చేశాను. కానీ భయంతో కోత తక్కువ పెట్టాను. మిగతావాటి కంటే మిల్లీమీటరులో నూరోవంతులు నాలుగు బిగువొచ్చింది. పరవాలేదని దాని పిస్టన్‌ను కూడా అంతే తగ్గించి, "2" అని నంబరు కొట్టి, పెట్టెలో పెట్టి పంపాను. అన్నయ్యకు ఒక్క ముక్క రాయలేదు. ఆయన ఆ "2"ను రేడియేటరు నుంచి రెండోదాంట్లో వేశాడు. అది అక్కడ వదులు. నీ ముసలిదాని దగ్గు అదే! "5"ను స్లీవులో వేశాడు. చల్లగా ఉన్నప్పుడు దిగింది. కొండ మీద వేడెక్కి ఉబ్బింది. పట్టేసింది.

నా కొలత సరిగ్గా ఉంది. అన్నయ్య బిగింపు సరిగ్గా ఉంది. ఇద్దరం ఒప్పే. కానీ పెట్టెలో ఒక చీటీ పెట్టి ఉంటే, "అన్నయ్యా, రెండోదానికి స్లీవు వేశాను" అని, ఆయన గోడ చూసేవాడు, అతుకు రెండోదాంట్లో లేదనేవాడు, ఆ రోజే తేలిపోయేది. ఆ చీటీ పెట్టలేదు. ఆ తప్పు నాది. తొమ్మిదేళ్ళుగా కొలత గురించే వాదించాను, చీటీ గురించి ఒక్కసారీ అనలేదు.

ఈ ఉత్తరం అన్నయ్యకు చూపించు. నూరోవంతులు కొలిచే మైక్రోమీటరు పంపుతున్నాను. నీ కత్తెరల గ్లాసూ, ఇప్పుడు నీ రెండోదాంట్లో ఉన్న పిస్టనూ కొలిచి రాయి. తేడా నాలుగు వస్తే బండి కొండెక్కుతుంది.

పానా

*

కుట్టు గది,
జూలై 5

పానా,

తేడా నాలుగు! నాలుగంటే నాలుగే! మూడుసార్లు కొలిచాను, నాలుగోసారి ఆయన ఎడంచేత్తో కొలిచారు. నాలుగు.

ఆయనకు ఎలా చెప్పానో చెబుతాను. టీ గ్లాసు కింద నీ ఉత్తరం పెట్టి ఇచ్చాను. చేతిరాత చూడగానే గ్లాసు పక్కన పెట్టేశారు. నిలబడే చదివారు. చదివి షెడ్డులోకి నడిచారు. వెనకే వెళ్ళాను. విప్పి ఉన్న ఇంజను చూసి ఆగిపోయారు.

"ఎన్నాళ్ళు పట్టింది?"

"పన్నెండు మధ్యాహ్నాలు."

"నా పానాలతోనా?"

"సూదులతో హెడ్డు లేస్తుందా మరి?"

నా సుద్ద తీసుకుని బ్లాకు అంచు మీద ఎడంచేత్తో రేడియేటరు నుంచి ఒకటి నుంచి ఆరు రాశారు. దాని కింద అటువైపు నుంచి ఒకటి నుంచి ఆరు రాశారు. గోడ మీద నేను రాసుకున్న నిప్పు వరస దగ్గరకెళ్ళి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ ముందుకోసారి వెనక్కోసారి చదువుకున్నారు. తర్వాత బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"దొంగ ముండ. అతుకు సంగతి నాకు చెప్పొద్దూ?"

"చెబితే ఏం చేసేవారు?"

"తిట్టేవాణ్ణి" అన్నారు. వేళ్ళకంటిన సుద్ద దులుపుకుని, "గట్టిగా తిట్టేవాణ్ణి. అందుకే చెప్పలేదు అది" అన్నారు.

ఐదోదానిలో వేలు పెట్టి గీత తడిమారు. "ఇరవై మూడేళ్ళకి ఇంత సన్నంగా దిగగొట్టిందా! యార్డు మేస్త్రీకి కూడా రాదు." ఈ మాట నీకు రాయొద్దన్నారు. అందుకే రాస్తున్నాను.

మీరూ ఒక ముక్క రాయొచ్చుగా అంటే "ఎడంచేత్తో రాయడం రాదు" అన్నారు. మైక్రోమీటరు తిప్పడం వచ్చింది, సుద్దతో అంకెలు వెయ్యడం వచ్చింది, కలం మాత్రం రాదట.

పదిహేను రోజులే ఉన్నాయి. గోడలో గాటుంది. ఏం చెయ్యాలి? నువ్వు వస్తావా?

వదిన

*

పంపుహౌసు,
జూలై 9

వదినా,

సెలవు దొరకలేదు. నా బదులు వచ్చే మనిషి 22న గానీ దిగడు. పంపులు ఆపితే కింద ఊళ్ళకు నీళ్ళు ఉండవు. మీరిద్దరే చెయ్యాలి. మూడు చేతులున్నాయి, చాలు.

పార్సిలులో సాన రాళ్ళ బ్రష్షు, ఆరు జతల కొత్త రింగులు, గాస్కెట్టు, రెండు అడుగుల రబ్బరు గొట్టం ఉన్నాయి. కింద ఆయిలు సంపు విప్పి ఆరు పిస్టన్లూ బయటకు తియ్యండి. రాడ్లు ఎక్కడివక్కడే ఉండాలి, రెండింటి పిస్టన్లు మాత్రం మారతాయి. "2" అని ఉన్నది స్లీవులోకి. దానికోసమే పుట్టింది. నీ కత్తెరల గ్లాసు, రాసుకుపోయిన పక్కన సన్న రాతితో గరుకు మాత్రం తీసి, రెండోదాంట్లోకి. అదీ దాని సొంతిల్లే. లేతువాడు చెక్కిన పిస్టన్‌ను కత్తెరలకు వాడుకో. మిగతా నాలుగూ ఒకే కొలత, ఉన్నచోటే ఉండనీ.

సాన రాళ్ళ బ్రష్షును డ్రిల్లుకు తగిలించి గోడలో పైకీ కిందికీ ఆడించండి. గాటు మాసేదాకా, అంతకంటే ఒక్క తిప్పు ఎక్కువ వద్దు. గోడ మీద అడ్డగీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ రావాలి, నీ గళ్ళ కుట్టులాగా. ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే.

రబ్బరు గొట్టం కార్బురేటర్లకు. ఒక కొన చెవిలో, ఇంకో కొన కార్బురేటరు నోటి దగ్గర. రెండూ ఒకే "హిస్స్" అనాలి. ఒకటి ఎక్కువ పీలిస్తే మర తిప్పి తగ్గించు. నీ చెవి మంచిది. అన్నయ్య చెవి డ్రైవరు చెవి, హారన్లు విని పాడైపోయింది.

గెలిస్తే టెలిగ్రాము వద్దు. అంకెలతో ఉత్తరం రాయి.

పానా

*

కుట్టు గది,
జూలై 21

పానా,

పదహారు నిమిషాల నలభై సెకన్లు!

అంకెలు ముందే రాసేశాను, ఇక ఊపిరి పీల్చుకుని మొదటి నుంచి చెబుతాను. 17న బిగించాం. ఆయన నట్టు చూపించడం, నేను తిప్పడం, "ఇంకో పావు" అని ఆయన, "చాల్లెండి" అని నేను. 18న సెల్ఫు కొడితే రెండో తిప్పుకే అందుకుంది. దగ్గు లేదు! చల్లటి ఇంజను, ఒక్క టక్కు లేదు. గొట్టం చెవిలో పెట్టుకుని అటు విన్నాను, ఇటు విన్నాను, మర తిప్పాను, రెండు హిస్సులూ ఒకటయ్యాయి. ఆయన నా సుద్ద బిళ్ళ అడిగి తీసుకుని ఇంజను మూత మీద అంచున నిలబెట్టారు. నిలబడింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. వడ్రంగి వచ్చి "ఏమైంది, ఎవరైనా పోయారా?" అన్నాడు.

నిన్న కొండ కింద పదకొండు పాత బండ్లు వరస కట్టాయి. మాది ఏడోది. ఎటునుంచి అని అడగకు. తొట్టిలో ఇసక బస్తాలు, స్టీరింగు దగ్గర నేను, పక్కన ఆయన. ఆఫీసరు జెండా దించాడు.

రెండో గేరులో మొదలుపెట్టాను. మొదటి మలుపు, రెండోది, మూడోది. బండి లాగుతోంది పానా, వెనకనుంచి ఎవరో నెడుతున్నట్టు! నాలుగో మలుపు వస్తుండగా ఆయన మాటలు ఆపేశారు. ఎడంచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి ఇంజనులోకి వింటున్నారు. నేను వేడి ముల్లు చూస్తున్నాను. ముల్లు మధ్యలో ఉంది. అక్కడే మధ్యలోనే ఉంది. మలుపు తిరిగాం. అప్పట్లో నువ్వు సంచి విసిరేసి దిగి వెళ్ళిపోయిన రాయి కనిపించింది. అది వెనక్కి పోయింది.

"తొక్కు" అన్నారు.

తొక్కాను. ఆ తర్వాత ఆరు మలుపులూ ఆయన అరుస్తూనే ఉన్నారు. నా మీద కాదు. ఊరికే అరిచారు.

పైన ఆఫీసరు బానెట్టెత్తి, లైటు వేసి బ్లాకు నంబరు సరిచూసుకున్నాడు. "రెండు కార్బురేటర్లా! డ్రైవరెవరు?" అన్నాడు. నేనన్నాను. "మరి మెకానిక్కు?" అన్నాడు. మీ అన్నయ్య నా వైపు చూపించి, "ఈవిడ. ఇంకొకావిడ కూడా ఉంది. ఆవిడ నీళ్ళ మధ్యలో ఉంటుంది" అన్నారు. అతనికి ఏం అర్థమైందో గానీ కాగితం మీద ముద్ర వేసేశాడు.

ఈ కింద ఉన్న పిచ్చిగీతలు మీ అన్నయ్యవి. అరగంట పట్టింది. నన్ను గదిలోంచి బయటకు పంపి మరీ రాశారు.

వదిన

పానా
ఎడం చెయ్యి. ఇలాగే ఉంటుంది.
నీ కొలత సరిగ్గానే ఉంది.
— అన్నయ్య

*

పంపుహౌసు,
జూలై 25

అన్నయ్యా,

నీ బిగింపు కూడా సరిగ్గానే ఉంది.

నా బదులు మనిషి దిగాడు. పది రోజులు సెలవు. నిన్న లాంచీలో ఒడ్డుకెళ్ళి శనివారం బస్సుకు టిక్కెట్టు తీసుకున్నాను. కిటికీ పక్క సీటు, ఐదో వరస అన్నాడు క్లర్కు. ఎటునుంచి ఐదు అని అడిగాను. అదోలా చూసి, "ఇంజను వైపు నుంచమ్మా" అన్నాడు. ఇంజను ముందుందా వెనకుందా అని అడిగాను. నా వెనక క్యూలో ఉన్నవాళ్ళు గొణిగారు. అతను లేచి, బయటకెళ్ళి, బస్సు చూసొచ్చి చెప్పాడు: ఈ రకం బస్సుల్లో ఇంజను వెనక.

కాబట్టి బస్టాండులో వెనకనుంచి ఐదో కిటికీ దగ్గర నిలబడు. ఈసారి చీటీ ముందే రాస్తున్నాను.

పానా